బియ్యం ఇవ్వని పేరు

మా వార్డులో కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు వాడను పరిచయం చేస్తూ నాలుగు మాటలు చెప్పాలని మొన్న కాలనీ సంఘం వాళ్ళు వచ్చి అడిగారు. ఈ మానుకోటలోనే పుట్టి, ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పి, ఇక్కడే పింఛను తింటున్నదాన్ని కనుక నాకంటే తగినవాళ్ళు లేరట. వాళ్ళకు కావలసింది మిర్చి మార్కెట్టు ఎలా పెరిగింది, రోడ్డు ఎంత వెడల్పు కాబోతోంది వంటి సంగతులు. సరేనన్నాను గానీ, రాద్దామని కూర్చుంటే ఎప్పుడో పోయిన పక్కింటి పెద్దమ్మ వచ్చి ఎదురుగా నిలబడుతోంది.

నా ఈడువాళ్ళకు ఇలాంటి వాడలు గుర్తుండే ఉంటాయి. రోడ్డు మీదికి షావుకార్ల దుకాణాలు, వాటి వెనుక మాలాంటి చిన్న ఉద్యోగస్తులూ హమాలీలూ, చివర పెంకుటి చర్చి, దాన్ని ఆనుకొని క్రైస్తవుల ఇళ్ళు. మిరపకాయల కాలం వచ్చిందంటే కులమూ మతమూ లేకుండా వాడంతా కలిసి తుమ్మేది. పెద్దమ్మ వాళ్ళది కిరాణా దుకాణం. పెనిమిటి ముందే పోయాడు, ఒక్కడే కొడుకు. కాలేజీలో చదువుతూ చదువుతూ ఒకనాడు కొత్తగూడ వైపు అడవిలోకి వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో అడవిలోకి వెళ్ళాడంటే ఉద్యమంలో కలిశాడనే అర్థం, అంతకుమించి ఎవరూ అడిగేవారు కాదు. చుట్టుపక్కల ఊళ్ళకు ఎవరెవరి శవాలో వచ్చాయి. ఆ ఇంటికి మాత్రం శవమూ రాలేదు, కబురూ రాలేదు.

ఏడాదంతా ఎలాగో గడిచేది గానీ, పెద్దల అమావాస్య, మా పెత్రమాస, వచ్చిందంటే ఆమెను చూడలేకపోయేవాళ్ళం. ఆ రోజు ఇంటింటా పోయినవాళ్ళ పేరున చాటలో బియ్యం, కూరగాయలు పెట్టి అయ్యగారికి ఇస్తారు కదా. అయ్యగారు పేర్లు అడుగుతుంటే పెద్దమ్మ అత్తమామల పేర్లు, పెనిమిటి పేరు చెప్పి ఆగిపోయేది. కొడుకు పేరు చెబితే తన నోటితో తానే వాణ్ణి చంపినట్టు, చెప్పకపోతే, ఒకవేళ పోయి ఉంటే, వాడు ఆకలితో తిరుగుతున్నట్టు. ఆ పూట ఆమె అన్నం ముందు కూర్చునేది గానీ ముద్ద దిగేది కాదు.

ఒక ఏడు మా అమ్మ, పాపం జాలితోనే, మా పెద్దల బియ్యంతో పాటు ఆ కొడుకు పేరున కూడా ఒక చాట పెట్టింది. ఎవరు చెప్పారో ఏమో, పెద్దమ్మ చెప్పులైనా లేకుండా ఉరికి వచ్చింది. ఇచ్చిన బియ్యం వెనక్కి తీసుకోకూడదని తెలిసీ ఆ చాట అయ్యగారి ముందునుంచి లాక్కుంది.

"నా కొడుకును నువ్వెట్ల సంపుతవు చెల్లె? వాడు లేడని నీకెవలు జెప్పిండ్రు?"

ఆ సాయంత్రం వాడంతా ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే ఆ ఇంటి తలుపు తెరుచుకోలేదు. మా అమ్మ కూడా బతుకమ్మను పేర్చలేదు. రెండిళ్ళకూ చాలాకాలం మాటల్లేవు.

చివరికి దారి చూపింది చర్చి పక్కింటి అక్క, సర్కారు దవాఖానలో నర్సు. "మా తాన ఉన్నడా లేడా అని ఎవలడుగరు పెద్దమ్మా. పేరు జెప్తె సాలు, దేవునికి ఎరుకనే" అన్నదట. అప్పటినుంచి పెత్రమాస దాటిన ఆదివారం పెద్దమ్మ, నుదుట విభూతితోనే, చర్చిలో చివరి చాప మీద కూర్చునేది. ప్రార్థనలో కొడుకు పేరు రాగానే అక్కడి ఆడవాళ్ళంతా ఆమెన్ అనేవారు. మొదటిసారి తోడు వెళ్ళింది నేనే. ఆ రోజు ఆమె ఇంటికి వచ్చి అన్నం తిన్నది. మా అమ్మతో మాట్లాడింది కూడా.

చనిపోయేముందు పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా పేరు మీద బియ్యమియ్యి బిడ్డా. వాని పేరు మాత్రం ఆడనే జెప్పియ్యి."

అలాగే చేస్తున్నాను. నర్సక్క కూడా పోయింది, పెంకుటి చర్చి మేడ చర్చి అయింది. పోయిన ఏడు పేరు చెప్పించబోతే కొత్త పాస్టరుగారు, మర్యాదగానే, ఆయన వయసెంత, జబ్బేమిటని అడిగారు. బతికుంటే ముసలివాడై ఉండాలి. నా కళ్ళకు మాత్రం ఇంకా సైకిలు మీద కాలేజీకి పోతూనే ఉన్నాడు.

రోడ్డు వెడల్పులో పెద్దమ్మ దుకాణం పోతుందని గోడకు ఎర్రగీత గీసి వెళ్ళారు. రోడ్డు రావాలి, కాదనను. కానీ ఈ వాడలో ఆ పేరు ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఎక్కడైనా బతికుండి ఒకనాడు అతను ఇటు వస్తే, నీ పేరున పిడికెడు బియ్యం కూడా ఇవ్వకుండా మీ అమ్మ తాను చచ్చేదాకా నిన్ను బతికించుకుంది నాయనా అని చెప్పడానికి ఎవరుంటారు?