ముందు పరుగు, తర్వాత పరుగు

డ్రిల్లు మాస్టారు సోఫాలోంచి లేవకుండానే వ్యాయామ శాస్త్రంలో ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చదివాడు. పాఠాలు వినే ఓపిక లేదు గానీ, పేరు పక్కన నాలుగక్షరాలు తగిలించుకోవాలన్న యావ మాత్రం కొండంత.

చివర్లో ఒక చిక్కు వచ్చిపడింది. ఎవరికైనా రెండు నెలలు పరుగులో తర్ఫీదిచ్చి, ముందొక వీడియో, తర్వాతొక వీడియో తీసి పంపాలట. ఆ సంగతి ఆయనగారికి గడువు ముగిసే రోజున గుర్తొచ్చింది. అయినా తొణకలేదు. పొద్దున్నే బామ్మర్దిని ఖాళీ కడుపుతో పరుగెత్తించి వీడియో తీశాడు. మధ్యాహ్నం వాడి అక్క చేత పీకల దాకా తినిపించి, చొక్కా మార్పించి, "ఇప్పుడు పరుగెత్తరా" అన్నాడు.

"బావా, భుక్తాయాసంతో చచ్చిపోతున్నాను!"

"నాక్కావలసిందీ అదే. కానీయ్!"

ఆ ఆపసోపాల పరుగుకి 'శిక్షణకు ముందు' అనీ, పొద్దుటి పరుగుకి 'శిక్షణ తర్వాత' అనీ పేర్లు పెట్టి పంపాడు. తిమ్మిని బమ్మిని చేసిన ఆ ఘనుడికి డిస్టింక్షన్ కూడా ఇచ్చారు!

అది చూసి మురిసిపోయిన స్కూలువాళ్లు పరుగు పందేల జట్టుని ఆయన చేతిలో పెట్టారు. ఏడాదంతా కుర్చీలో కూర్చుని విజిల్ ఊదాడు. తీరా పోటీల్లో, ఏ పందెం చూసినా ఆ స్కూలు పిల్లలే ఆఖరు.

"ఇదేనటయ్యా నీ శిక్షణ?" అని హెడ్మాస్టరు మండిపడ్డాడు.

మాస్టారు నీళ్లు నమల్లేదు. అప్పుడే తీసిన వీడియో ఫోన్లో చూపిస్తూ, "కంగారు పడకండి సార్, ఇది 'ముందు' పరుగు" అన్నాడు.