కిరసనాయిల్లో ఉతికిన చొక్కా

నాన్న చొక్కా మీద నూనె మరక మిగిలిపోయిందంటే అమ్మకి అన్నం సహించేది కాదు. బిర్సానగర్ కార్మికుల బస్తీలో మా వరస ఇళ్ళ ఆడవాళ్ళంతా నాలుగుసార్లు సబ్బు రుద్ది, పోతే పోయింది లేకపోతే లేదని ఆరేసేవాళ్ళు. అమ్మ అలా ఊరుకునే రకం కాదు. ముందు మరక మీద సుద్దపొడి చల్లి జిడ్డు పీల్చనిచ్చేది. తర్వాత గుడ్డపేలిక కిరసనాయిల్లో ముంచి, అంచు నుంచి లోపలికి రుద్దేది. ఆ పైన సోడా వేసిన వేడినీళ్ళు, బార్ సబ్బు, ఎండ. మరకలేని చొక్కా చూసి, పనిలో తోటివాళ్ళు నాన్నని ఆఫీసు గుమాస్తాని పిలిచినట్టు ‘బాబూజీ’ అని ఆటపట్టించేవారట. ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ పైకి విసుక్కుని లోపల మురిసిపోయేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మా ఇంట్లో లాంతరు ఆరిపోయినా ఫర్వాలేదు, చొక్కాకి మాత్రం కిరసనాయిలు ఉండాల్సిందే.

నాన్న ఒక కాంట్రాక్టరు కింద తుక్కు యార్డులో పనిచేసేవాడు. పాత మిషన్ల ముక్కలు మోసి లారీలకెత్తడం ఆయన పని. వాటిలో మిగిలిన నల్లనూనె ఛాతీ మీదా భుజం మీదా కారేది.

ఎనభైల్లో ఒక వానాకాలం, ఎండ మొహం చూసి వారాలైపోయింది. ఎన్ని నీళ్ళలో జాడించినా చొక్కాల్లో కిరసనాయిలు వాసన పోయేది కాదు. ఉన్నవి రెండే కాబట్టి నాన్న అలాగే తొడుక్కుని వెళ్ళేవాడు. ఆ రోజుల్లోనే బనీన్లకి కన్నాలు పడడం మొదలైంది. ఆవగింజంత కన్నాలు, చుట్టూ నల్లటి అంచు. అమ్మ బొద్దింకల్ని తిట్టిపోసి ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసింది. బనీన్లు తినే బొద్దింకలు పక్కనున్న చొక్కాల జోలికి ఎందుకు పోవని నేనడిగితే, నోరు మూసుకోమంది. నాన్న స్నానానికి కూడా మా ఎదుట బనీను విప్పడం మానేశాడు. జలుబు అన్నాడు. ఆయన ఒక్కసారి తుమ్మగా నేను వినలేదు.

ఒకరోజు నాన్న పొద్దుటి షిఫ్టుకి వెళ్ళాక పక్కింటి అత్త మా వాకిట్లోకొచ్చి, తాడు మీది బనీను చూసి ఆగిపోయింది. వాళ్ళాయన ఒకప్పుడు గ్యాస్ కటింగు చేసేవాడు.

“ఇవి నిప్పురవ్వల కన్నాలు వదినా. అన్నయ్యని కటింగులో ఏసినారేటి?”

వేసినట్టు మాకు తెలియదు. మంటతో ఇనుము కోస్తుంటే రవ్వలు ఎలా చిమ్ముతాయో అత్త చెబుతూనే ఉంది, అమ్మ మాత్రం వినడం లేదు. ముందురోజు తను కిరసనాయిలు పట్టించి రుద్దిన చొక్కా, ఇంకా వాసన కొడుతూ, నాన్న ఒంటి మీద ఉంది.

యార్డుకి కబురు పంపే దారి లేదు. అమ్మ గుమ్మంలో కూర్చుంది. పొయ్యి వెలిగించమంటే, నిప్పు పేరెత్తొద్దంది. రెండు గంటలకి సైరన్ మోగింది. వానలో సైకిళ్ళు వరసగా వచ్చి ఎవరి ఇళ్ళ ముందు వాళ్ళు దిగారు. నాన్న రాలేదు. ఎవర్నీ అడగడానికి అమ్మకి ధైర్యం చాలలేదు. నేను అడగబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది.

చాలాసేపటికి నాన్న వచ్చాడు. దారిలో సైకిలు చెయిను తెగిందట. మెడదాకా గుండీలు పెట్టి ఉన్నాయి, ఛాతీ మీద కొత్త నూనె మరక తప్ప చొక్కా చెక్కుచెదరలేదు. అమ్మ ఆ గుండీలు విప్పి బనీను పైకెత్తింది. ఛాతీ నిండా చిన్న చిన్న కాలిన గాయాలు. కొన్ని మానాయి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి.

కటింగులో వేసి నెల దాటిందని నాన్న ఒప్పుకున్నాడు. తోలు ఏప్రాన్ అడిగితే, ఇష్టం లేకపోతే మానెయ్యమన్నారట. చొక్కాకి కిరసనాయిలు వాసన కదా, అందుకని కోసేటప్పుడు విప్పి మేకుకి తగిలించి, బనీనుతోనే కోస్తున్నాడట, ముక్కలు మోసేటప్పుడు మళ్ళీ తొడుక్కుంటున్నాడట.

“నాకు సెప్పలేకపోయినావా? కిరసనాయిల్ మానేద్దును గదా,” అంది అమ్మ.

“మానేత్తే జిడ్డుండిపోద్ది గదే. జిడ్డు మాత్రం అంటుకోదేటి?” అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం అమ్మ కిరసనాయిలు డబ్బా ముట్టుకోలేదు. సోడా, సబ్బు, వేడినీళ్ళు, మళ్ళీ సోడా. చేతులు పాలిపోయేదాకా రుద్దింది. ఛాతీ దగ్గర అరచెయ్యంత మరక అలాగే ఉండిపోయింది. ఏ పనిలోనూ ఓడిపోని మనిషి, తడి చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నాకు ఆ కాంట్రాక్టరు మీద వచ్చిన కోపం ఇప్పటికీ పోలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న తడి ఆరీ ఆరని ఆ చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ దగ్గరికెళ్ళి గుండీలు తనే పెట్టింది. మరక మీద ఒక్క క్షణం చెయ్యి ఆనించింది.

“అక్కడికెల్లగానే సొక్కా ఇప్పీ,” అంది.