గడ్డం కింది గీత

ఆర్నీ కాంగస్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాడి గడ్డం కింద, మెడ మీది గీత వంకరగా ఉంటే చూసి ఊరుకోలేడు. గొంతుముడికి రెండు వేళ్ల పైన, ఈ చెవి వెనక నుంచి ఆ చెవి వెనక దాకా గీత నున్నగా వంపు తిరగాలి. దానికి కింద మొలిచిన ప్రతి వెంట్రుకా ఆయనకు పగవాడే. మేమంతా కోటు జేబులో చేతి తొడుగులు పెట్టుకుంటే ఆయన ట్రిమ్మర్ పెట్టుకునేవాడు.

ఉత్తర మిన్నెసోటాలో మా ఊరి మగవాళ్లం జింకల వేటకు ముందు గడ్డం మొదలుపెట్టి, చెరువు మీద మంచు కరిగేదాకా ఉంచుకుంటాం. కనక చలికాలమంతా ఆర్నీకి చేతినిండా పనే. పోస్టాఫీసు దాటాక గాలి కోసే మలుపొకటి ఉంది. అక్కడే కాపు కాసేవాడు.

"ఆగు. తల ఎత్తు."

"ఈ చలిలోనా? మెడ గడ్డకట్టి చస్తాను."

"గడ్డకడితే కదలకుండా ఉంటుంది. నాకదే కావాలి."

ఒకసారి అంత్యక్రియల్లో శవపేటిక మోస్తున్న మా బావమరిది రోజర్ చెవిలో, "ఎడమ పక్క దిగిందిరా" అన్నాడు. వాడు పేటిక అనుకుని ఎడమ చెయ్యి ఎత్తాడు. పోయినాయన కాస్త పక్కకు దొర్లాడు.

ఇంతటి మహానుభావుడి సొంత గీత ఎలా ఉండేదంటారా? తాగినవాడు మంచులో నడిచిన దారిలా ఉండేది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు!

"ముందు నీ మెడ చూసుకోవయ్యా" అంటే, "నాది నాకు కనపడదు. నీది కనపడుతోంది, నా ఖర్మ" అనేవాడు.

జనవరిలో మంచు మీద జారి ఆర్నీ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. వారం తిరిగేసరికి ఊళ్లో మెడలన్నీ వంకరపోయాయి.

మా ఊళ్లో మంగలి షాపు ఒక్కటే, ముసలి క్లారెన్స్‌ది. దాంట్లోంచి రోజర్ మండిపడుతూ బయటికొచ్చాడు. "ఈ మెడ చూడు, బావా. వెనక్కెళ్లి ముసలాయన్ని నిలదీస్తాను."

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. షాపు కిటికీలోంచి కనపడని చోటు ఆర్నీ కాపు కాసే ఆ మలుపొక్కటే. రోజర్ చెయ్యి పట్టుకుని ఆర్నీ ఇంటికి లాక్కెళ్లాను.

మా మొహాలు చూడగానే ఆర్నీ మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఆయన్నేమైనా అన్నారా?"

"ఇంకా లేదు."

"బతికించారు. రెండేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయిరా. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఆ షాపు, మనమూ. ఒక్కడు వెనక్కెళ్లి అడిగితే చాలు, ఆ రోజే కత్తెర పక్కన పెట్టేస్తాడు."

రోజర్ తల ఎత్తాడు. ఆర్నీ వాడి గీత దిద్దడం అయ్యాక, నేను ట్రిమ్మర్ తీసుకుని ఆయన గడ్డం పట్టుకోబోయాను. నా చెయ్యి నెట్టేశాడు.

"దీని జోలికి రాకు, ఇది ఆయన గీసింది. రోజూ నేను అటు వెళ్తుంటే కిటికీలోంచి చూసి, 'గీతంటే అదీ' అని మురిసిపోతాడు. దిద్దిస్తే గుర్తుపడతాడు."

మర్నాడు మలుపులో నేను నిలబడ్డాను. పాస్టరు గారు షాపులోంచి ఇటే వచ్చారు.

"ఆగండి. తల ఎత్తండి."

"నీకూ అంటుకుందా, నాయనా?" అంటూ ఆయన దిగులుగా తల ఎత్తారు.

నా మెడ మాత్రం క్లారెన్స్ గీసింది గీసినట్టే ఉంచాను. ఆర్నీ లేచి తిరిగేదాకా ఆ కిటికీలోంచి చూసుకోవడానికి ముసలాయనకూ ఒక గీత ఉండాలిగా.