నీళ్ల కింద ఊరు

నిన్న అటక సర్దుతుంటే గీతలు పడ్డ ఆ కంప్యూటర్ గేమ్ రెండో భాగం సీడీ దొరికింది. గుర్తుందా, ధవళేశ్వరం క్వార్టర్స్ పిల్లలూ? మొదటి గేమ్‌లో సెలవులన్నీ పోసి మనం కట్టుకున్న ఊరు, రెండో గేమ్ మొదలయ్యేసరికి నీళ్ల కింద ఉంది. అందరం తిట్టిపోశాం. ఆ రెండోదానికి ‘ముంపు గేమ్’ అని పేరు పెట్టింది నేనే.

పోలవరం దగ్గర ఊరు ఖాళీ చేసి మన క్వార్టర్స్ పక్క వీధిలో అద్దెకు దిగిన రూతు మాత్రం రోజూ అదే ఆడేది.

“ఆ చెత్త ముంపు గేమ్ ఎలా ఆడతావే?” అన్నాను.

“ఇందులో నీళ్లలోకి దిగితే మనిల్లు కనబడుద్దే. లోపలికి కూడా వెళ్లొచ్చు,” అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఫ్యాన్స్ గ్రూపుల్లో ఇప్పటికీ ఆ గేమ్‌ని తిడుతూనే ఉన్నారు. నాకూ మొదటిదే ఇష్టం. కానీ నేను పెట్టిన ఆ పేరు, ఆ రోజు తర్వాత మళ్లీ పలకడం ఇదే.