దీవిలో బస్సు కోసం నిలబడ్డ పూట

మహారాష్ట్రలోని నాందేడ్ నుంచి నాయ్‌గావ్‌లోని బడికి పాఠాలు చెప్పడానికి ఇరవై ఏళ్లకు పైగా బస్సులోనే వెళ్తున్నాను. ఎక్కడికైనా బస్సులో పోవచ్చనేది నా మొండి నమ్మకం. దీపావళి సెలవులకు మా అక్కను అండమాన్‌లోని ఓ చిన్న దీవికి తీసుకెళ్లినప్పుడు కూడా అదే పంతం.

అక్కది బిలోలి. బావతో కలిసి కిరాణా దుకాణం నడిపేది. పెళ్లయ్యాక దుకాణం వదిలి నాలుగు రోజులు ఎక్కడా ఉన్న మనిషి కాదు. అలాంటిది తనే ఫోన్ చేసి, "చెల్లె, ఈసారి సెలవులల్ల ఎటన్న పోదాం. సముద్రముండే దిక్కు," అంది. ఆశ్చర్యపోయాను గానీ కారణం అడగలేదు.

ఆ దీవిలో ఉన్నది ఒకటే పెద్ద రోడ్డు. రేవు నుంచి అవతలి కొస దాకా రోజుకు మూడుసార్లు సర్కారు బస్సు తిరుగుతుంది. మొదటి రోజు ఊరికే ఈ కొస నుంచి ఆ కొసకు పోయివచ్చాం. వరి పొలాలు, అరటి తోటలు, పెరళ్లలో బాతులు. కిటికీ దగ్గర కూర్చున్న అక్క, "ఏందే, సముద్రం నడుమకచ్చినా గివే పొలాలు," అని నవ్వింది. వంకాయల గంపతో ఎక్కిన శ్రీకాకుళం ఆవిడ మా మాటలు విని, "మీది తెలుగేనా అమ్మా?" అని అడిగింది. "తెలుగే. మరాఠీ జర కలుస్తది," అంది అక్క. దిగేదాకా ఇద్దరూ పిల్లల సంగతులు చెప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం అవతలి తీరానికి బయలుదేరాం. బస్సు మలుపులో దింపింది. అక్కడి నుంచి కిలోమీటరు పైనే ఇసుక బాట. సగం దూరం పోకముందే అక్క ఒక కొబ్బరి మొద్దు మీద కూలబడింది.

"మోకాళ్లు గుంజుతున్నయ్. నువ్వు పోయిరా, నేనీడనే కూసుంట."

ఒక్కదాన్ని ఏం పోతాను? మెల్లగా మలుపుకే తిరిగొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. ఇంతలో ఒక ఆటో ఆగింది. "ఆయియే దీదీ, జెట్టీ తక్ ఛోడ్ దూంగా," రేవు దాకా దింపుతానన్నాడు డ్రైవరు. బస్సుందని చెప్పి పంపేశాను.

"ఇంక పావుగంటల బస్సస్తది," అన్నాను అక్కతో.

"నీ ఇష్టం చెల్లె."

ఆమె చెయ్యి మోకాలి మీద లేదు. కుడి పక్కటెముకల కింద అదుముకుని ఉంది. చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ఆ పూట బస్సు రాలేదు. రెండు గంటల తర్వాత కొబ్బరికాయలు తీసుకెళ్తున్న ట్రాక్టరు మమ్మల్ని ఎక్కించుకుంది. గుంతల్లో కుదిపినప్పుడల్లా అక్క కళ్లు మూసుకుంది. అలసట అనుకున్నాను.

తిరిగొచ్చిన పది రోజులకు బావ ఆమెను నాందేడ్‌లో ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కాలేయంలో గడ్డ. ముదిరిపోయిందన్నారు. అక్క తన సంచీలోంచి ఒక కవరు తీసి డాక్టరుకిచ్చింది. దీపావళికి ముందే తీయించిన స్కాను. బావకు కూడా చెప్పలేదు.

"ముందుగాల ఎందుకు చెప్పలేదే?" అని ఏడ్చాను.

"చెప్తే తోల్కపోతుంటివా?" అంది.

హోలీ దాకా కూడా లేదు అక్క.

పదకొండో రోజు చుట్టాలంతా భోజనాలకు లేచాక, ఆటో సంగతి బావకు చెప్పేశాను. ఎండలో రెండు గంటలు నిలబెట్టానని, నొప్పిని అదుముకున్న చెయ్యిని కళ్లారా చూశానని కూడా చెప్పాను.

"దానికి నొప్పున్నదని నీకు ఎరుక కావద్దనుకున్నది. నువ్వు ఎక్కుమన్నా ఎక్కకపోతుండె," అన్నాడు బావ.

అది నిజం కాదు. రమ్మంటే అక్క ఎక్కేది. నా మాట కాదనడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. కానీ ఆ మాట నాకంటే, ఒకే ఇంట్లో ఉండీ ఆ నొప్పి కనిపెట్టలేకపోయిన ఆయనకే ఎక్కువ అవసరం అనిపించి, "అవును బావా," అన్నాను.