ఒక్కరన్నా తిట్టిండ్రా?

బస్సు మిర్యాలగూడ దగ్గర పడుతుందనగానే కిటికీలోంచి నానబెట్టి ఉడికించిన వడ్ల వాసన గుప్పున కొడుతుంది. కొత్తవాళ్లు ముక్కు మూసుకుంటారు, ఊరివాళ్లకు అది తెలియనే తెలియదు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే వీపు నిటారుగా అయిపోతుంది. ఎవరో నన్ను పైనుంచి కిందిదాకా అనుమానంగా చూస్తున్నట్టే ఉంటుంది. ఇప్పుడు నేనుండేది సూర్యాపేటలో. చిన్న చిన్న దుకాణాలవాళ్ల బ్లాగులకు వ్యాసాలు రాసిపెడతాను. నా పైన అజమాయిషీ చేసేవాళ్లెవరూ లేరు. అయినా మొన్న ఆ దారిన వెళ్తూ, ఆ వాసనకు సంచిలోంచి ఫోన్ తీసి, పొద్దున రాసిన వ్యాసాన్ని మళ్లీ చదువుకున్నాను. చదివి సగం కొట్టేశాను. అనసూయమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె అనుమానం మాత్రం నన్నింకా వదల్లేదు.

మిర్యాలగూడలో తరాలుగా బియ్యం వ్యాపారం చేస్తున్న ఒక కుటుంబానికి కోడలుగా వచ్చిన మనిషి అనసూయమ్మ. భర్త పోయాక మిల్లు కొడుకు సురేష్ చేతికి వెళ్లింది కానీ, మిల్లు ముందరి దుకాణాన్ని ఆమె ఎవరికీ ఇవ్వలేదు. ఊళ్లో అందరూ ఆమెను షావుకారమ్మ అనేవాళ్లు. పొట్టి మనిషి. కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు కొసకు జారి ఉండేవి. వాటి మీదినుంచి ఆమె చూసిందంటే చేయని తప్పు కూడా ఒప్పుకోవాలనిపించేది. పాలవాణ్ణి నమ్మేది కాదు, పూజారిని నమ్మేది కాదు. రేపు వాన పడుతుందట అని ఎవరైనా అంటే, "ఎవరు జెప్పిండ్రు? పడ్తే ఆళ్లకేం లాభం?" అని అడిగేది. అలాంటి మనిషి దగ్గర నాకు ఉద్యోగం కుదిరింది, నా ఖర్మ కాకపోతే!

నాది కోదాడ. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని, ముఖం కూడా చూడని ఏదో కంపెనీకి వ్యాసాలు రాసేదాన్ని. ఆ పని ఎలా ఉండేదంటే, జనం ఫోన్‌లో ఏ మాటలు కొట్టి వెతుకుతారో ముందే చెప్పేవాళ్లు. ఆ మాటల్ని రెండు వాక్యాలకోసారి ఇరికించాలి. అప్పుడు సెర్చ్‌లో మన వ్యాసం పైకొస్తుంది. పైకొచ్చాక ఎవరైనా చదువుతారా, చదివితే వాళ్లకేమైనా అర్థమవుతుందా అన్నది మాకు సంబంధం లేని సంగతి. బియ్యాన్ని ఆన్‌లైన్‌లో అమ్మాలని సురేష్ వెబ్‌సైట్ పెట్టినప్పుడు, దాని బ్లాగు రాయడానికి ఈ విద్య తెలిసిన మనిషి కావాలని నన్ను పిలిచాడు. మొదటి రోజే షావుకారమ్మ అడ్డం తగిలింది.

"యాడి పిల్లవు?"

"కోదాడండీ."

"కోదాడోళ్ల మాట మెత్తగుంటది. మెత్తగ మాట్లాడెటోళ్లంటెనే నాకు భయం," అని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది కానీ, కొత్త ఉద్యోగం కదా, నవ్వి ఊరుకున్నాను.

బియ్యం బేరగాళ్లు బస్తా మూతి విప్పి చూసి సంతోషపడరు. మూతి దగ్గర ఎవరైనా మంచి గింజలే పోస్తారని వాళ్లకు తెలుసు. మొన తేలిన ఒక ఇనుప గొట్టాన్ని బస్తా నడుములోకి పొడుస్తారు. దానిలోంచి అరచేతిలోకి జారిన గింజల్ని బట్టే బేరం. షావుకారమ్మ లోకాన్నంతా అలాగే చూసేది. పేపర్ ఇస్తే మధ్య పేజీ తీసేది. చుట్టాలు ఏదైనా కథ చెప్పబోతే, "మొదలు ఇడిసిపెట్టు, నడుమ ఏమైందో జెప్పు" అనేది. నా మొదటి వ్యాసం సురేష్ చూపించినప్పుడు కూడా అంతే. బొటనవేలితో తెరను సర్రున పైకి తోసి, ఎక్కడ ఆగితే అక్కడ గట్టిగా చదివింది. "మిర్యాలగూడ సన్నబియ్యం కొనాలనుకునేవారికి మిర్యాలగూడ సన్నబియ్యం సరైన ఎంపిక. మిర్యాలగూడ సన్నబియ్యం నాణ్యత తెలుసుకోవాలంటే మిర్యాలగూడ సన్నబియ్యం గురించి..." అక్కడితో ఆపి నా వైపు నిజమైన జాలితో చూసింది.

"పిల్లకు పానం మంచిగ లేదా ఏందిరా సురేషూ?"

"అట్ల రాస్తెనే సెర్చ్‌ల పైకొస్తదమ్మా," అన్నాడు సురేష్.

"ఎవరితోటి మాట్లాడ్తుంది ఇండ్ల? మనిషి మొకమ్మీద గిట్ల ఒక్కటే మాట అంటుంటె లేసి పోడా?"

అయినా సురేష్ మాటే నెగ్గింది. నేను రాస్తూ పోయాను, సైట్‌కు వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతూ పోయింది. కొండెక్కినట్టు పైకి పోతున్న ఆ లెక్కల గీతను సురేష్ మురిసిపోతూ తల్లికి చూపించాడు. ఆమె కళ్లద్దాలు సవరించుకుని, "ఇంతమందొస్తున్నరు గదా, ఒక్కరన్నా తిట్టిండ్రా?" అంది.

నేను తెల్లబోయి, "తిట్టడమెందుకమ్మా?" అన్నాను.

"బియ్యం కొన్నోడు తిట్టకుంటనే ఉంటడా? రాళ్లున్నయంటడు, నూకలున్నయంటడు, పోయిన బస్తానే మంచిగుండె అంటడు. తిట్టకుంట వచ్చి తిట్టకుంట పోతున్నరంటె ఆళ్లు మనుషులు గారు. నువ్వేందో మాయ జేస్తున్నవ్ పిల్లా."

సురేష్ పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. దొంగ అన్నా అంత బాధపడేదాన్ని కాదేమో. పైగా ఆమె అక్కడితో వదల్లేదు. ఒక్క మనిషైనా నా రాతను నిజంగా చదివినట్టు తేలాలని, లేకపోతే శివరాత్రి దాటాక దుకాణం మెట్లెక్కొద్దని నా ముఖం మీదే చెప్పింది. సురేష్‌కు తల్లిని కాదనే ధైర్యం లేదు. నాకది గడప దాటాక దొరికిన మొదటి ఉద్యోగం. పోతే మళ్లీ కోదాడలో అదే గది, అదే మూల, ఎవరూ చదవని రాతలు.

"శివరాత్రి దాకా నా పక్కన గల్లా కాడ కూసో," అంది షావుకారమ్మ. నా మీద కన్నేసి ఉంచడానికేనని నాకు తెలుసు. సరే, నేనూ ఆమె మీద కన్నేశాను. అవి కొత్త బియ్యం వచ్చే రోజులు. వచ్చినవాళ్లంతా ఒకటే గోల, అన్నం ముద్దవుతోందని. "ఎసరెంత పెట్టినవ్?" అని ఆమె ఎదురు గద్దించేది. పండ్లు లేని ముసలాయనకు ఏ బియ్యం మెత్తగా ఉడుకుతాయని ఒకరడిగారు. పిల్లల టిఫిన్ డబ్బాలో మధ్యాహ్నానికి గట్టిపడని బియ్యం ఏవని ఇంకొకరు. నేను అక్కడ కూర్చున్నన్ని రోజుల్లో 'సరైన ఎంపిక' అన్న మాట ఒక్క మనిషి నోట వినలేదు. నేనిన్నాళ్లూ ఎవరికి రాశానో అని నాకే అనుమానం పట్టుకుంది.

అప్పుడు ఒక చిన్న వ్యాసం రాశాను. మా దగ్గర ఇప్పుడున్నవి కొత్త బియ్యం, పాతవాటికి పోసినన్ని నీళ్లు పోస్తే ముద్దవుతాయి, నీళ్లు తగ్గించండి, పొడిపొడిగానే కావాలంటే ఇవి పాతబడేదాకా ఆగి కొనుక్కోండి అని ఉన్నదున్నట్టు రాశాను. సురేష్ అది చూసి తల పట్టుకున్నాడు. "కొనకుండ్రి అని మనమే రాస్తమా? నీకేమైంది?" షావుకారమ్మ ఫోన్ లాక్కుని, అలవాటు ప్రకారం నడుమ నుంచి చదివింది. మెచ్చుకుంటుందని ఆశగా చూశాను. "ఉండనీ," అని ఫోన్ తిరిగిచ్చేసింది. అంతే. ఆ తర్వాత అలాంటివే మరికొన్ని రాశాను. సైట్‌కు వచ్చేవాళ్లు తగ్గిపోయారు, గీత కిందికి జారింది, సురేష్ నాతో మాట్లాడటం మానేశాడు. శివరాత్రి దగ్గరపడింది. ఇటు మనుషులూ లేరు, అటు అంకెలూ లేవు. రెంటికీ చెడ్డానని ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం దుకాణం ఫోన్ మోగింది. నేనే తీశాను. అవతల ఒక ఆడమనిషి, హలో కూడా అనలేదు. "కొత్త బియ్యం గురించి రాసిందెవరు? నీళ్లు తగ్గియ్యమన్నరు, తగ్గిచ్చిన. అన్నం సగం పలుకు, సగం ముద్ద! సార్లంత పళ్లాలు నూకేసి పోయిండ్రు. రాసెటోళ్లు ఒక్కసారన్నా వండిండ్రా, లేకుంటె గాలిల రాసిండ్రా?" ఆమె పేరు యాదమ్మ. తుంగతుర్తిలో బడి పంతుళ్లకూ ఆఫీసువాళ్లకూ భోజనం పెట్టే చిన్న మెస్ నడుపుతుందట. ఆమె తిడుతుంటే నాకు సంతోషంతో ఒళ్లు పులకరించింది. నిజం! జన్మలో అంత ఇష్టంగా తిట్లు తిన్నది లేదు. "అమ్మా, మీరే వినండి," అని రిసీవర్ షావుకారమ్మ చేతిలో పెట్టాను. ఆమె ఊ కొడుతూ అంతా విని, మెల్లగా పెట్టేసి, కళ్లద్దాల మీదినుంచి నన్ను చూసింది.

"గీ ఫోను నువ్వే జేపిచ్చినవా?"

ఇక నావల్ల కాలేదు. బేరానికి వచ్చినవాళ్లున్నారని కూడా చూడకుండా గొంతు చించుకున్నాను. "ఎవరూ తిట్టకపోతే మనుషులు కారంటారు. తిడితే నేను చేయించానంటారు. ఇంక నేనేం చేయాలమ్మా? చచ్చి చూపించాలా?" అని ఏడ్చేశాను. ఆమె చలించలేదు. మంచినీళ్ల చెంబు నా వైపు జరిపి, "రేపు తుంగతుర్తి పోదాం. పొద్దుగాల తయారుగుండు," అంది.

సూర్యాపేటలో బస్సు మారి వెళ్లాం. దారంతా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. బస్సు నిజంగా తుంగతుర్తికే పోతుందా అని మాత్రం కండక్టర్‌ను వదలకుండా అడుగుతూనే ఉంది. మెస్ కనుక్కుని లోపలికి పోయి మేమెవరమో చెప్పాక యాదమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బలంగా, ముఖం నిండా చెమటతో ఉన్న మనిషి. "ఒక్క ఫోన్‌కు ఇంతదూరం వచ్చిండ్రా? ఎందుకు? బియ్యం ఏమన్నా అంటగట్టనీకెనా?" అంది. షావుకారమ్మ ముఖంలో మొదటిసారి ఒక వెలుగు చూశాను. తన జాతి మనిషి దొరికినట్టుంది ఆమెకు! ఇద్దరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"నువ్వు మా రాత సదివింది నిజమేనా?" అంది షావుకారమ్మ.

"సదవకుంటె నా అన్నం ఎందుకు ఖరాబయితది? కొత్త బియ్యం ముద్దయితె ఏం జేయాల్నని ఫోన్ల అడిగిన. మీదే కనవడ్డది. ఎవరో తెలిసినోళ్లే రాసినట్టున్నరని నమ్మిన సూడు, నాదే బుద్ధిలేని పని."

నమ్మిన అన్న ఆ మాటను నాలో నేనే మళ్లీ ఒకసారి అనుకున్నాను. ఈలోగా పొయ్యి మీద పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. యాదమ్మ గిన్నె అంచుకు మూత ఒత్తిపట్టి గంజి వార్చడం మొదలుపెట్టింది. అప్పుడు తట్టింది నాకు. నేను రాసేటప్పుడు నా కళ్ల ముందున్నది కోదాడలో మా అమ్మ కుక్కర్. గంజి వార్చేవాళ్లు నీళ్లు తగ్గించకూడదు, అన్నాన్ని కాస్త ముందు దించి వార్చాలి. ఆ ముక్క నేను రాయనే లేదు. నేను ఆ మాట పైకి అనగానే ఇద్దరూ నా వైపు తిరిగి, "మరి రాయవేంది?" అని ఒకేసారి అన్నారు.

అక్కడే బల్ల మీద కూర్చుని మళ్లీ రాశాను. ఒక్కో వాక్యం యాదమ్మకు చదివి వినిపించాను. "గీ మాట నాకు తెల్వదు, తీసెయ్," అంటే తీసేశాను. "ఇది ఒక్కసారి జెప్పినవ్ గదా, మళ్లెందుకు?" అంటే సిగ్గుపడి కొట్టేశాను. తర్వాతి వాయి నేను చెప్పినట్టే ముందు దించి వార్చింది. మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి తల ఊపింది. షావుకారమ్మ ఆ అన్నం తిని, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. తిరుగు బస్సులో సూర్యాపేట దాటాక, కిటికీ వైపు చూస్తూ, "శివరాత్రి అయినంక గూడ రా," అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంటుంటే మళ్లీ అడిగింది, "యాదమ్మ మీ చుట్టం గాదు గదా?"

ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్లూ అక్కడే పనిచేశాను. గీత మళ్లీ మొదట్లో అంత పైకి పోలేదు. కానీ ఫోన్లు వచ్చేవి. తిట్లు, సందేహాలు, ఒక్కోసారి వట్టి కబుర్లు. షావుకారమ్మ ప్రతిదాన్నీ నేనే చేయించానేమో అన్నట్టు వినేది, విన్నాక వాళ్లు అడిగింది రాశానో లేదో చూసేది. దవాఖానలో మంచం మీద ఉన్నప్పుడు చూడబోతే, "నేను మంచిగయితనని డాక్టర్ అంటుండు. నమ్మేటట్టు ఉన్నదా పిల్లా?" అని అడిగింది. నేను అబద్ధం ఆడలేక ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా చేతిని ఆమె వదిలించుకోలేదు.

ఆమె పోయాక సురేష్ బ్లాగును మనిషి అవసరం లేని పద్ధతికి మార్చేశాడు. మాటలు ఇస్తే మిషనే వ్యాసాలు రాసిస్తుంది, రోజుకు ఎన్ని కావాలంటే అన్ని. నేనేం గొడవపడలేదు. సూర్యాపేట వచ్చేశాను. కానీ లోపల ఏదో చచ్చిపోయింది. ఇంత చేస్తే చివరికి తేడా ఎవరికి తెలుస్తుంది, ఎవరు పట్టించుకుంటారు అనిపించి, కొన్నాళ్లు ఏమీ రాయలేకపోయాను.

ఒకరోజు యాదమ్మ నా నంబర్‌కు ఫోన్ చేసింది. ఎప్పటిలాగే హలో లేదు.

"ఆ సైట్ల ఇప్పుడు రాసేది నువ్వు గాదు గదా?"

"ఎట్లా తెలిసింది అక్కా?"

"సదివితె తిట్టబుద్ధి గూడ అయితలేదు. అండ్ల ఎవ్వరు లేరు." ఆ గొంతులో అంత మెత్తదనం నేనెప్పుడూ వినలేదు. "షావుకారమ్మ పోయిందని దుకాణంల జెప్పిండ్రు. నువ్వు గూడ పోయినవేమోనని భయపడ్డ. ఉన్నవా బిడ్డా?"

"ఉన్నానక్కా," అన్నాను.

"ఉంటె రాయి మరి," అని పెట్టేసింది.

ఆ రోజునుంచి మళ్లీ రాస్తున్నాను. ఇప్పటికీ కొత్తది మొదలుపెట్టేముందు యాదమ్మ గొంతే వినిపిస్తుంది, ఉన్నవా అని. ఉన్నానని ఆమెకు తెలియాలనే మొదటి వాక్యం రాస్తాను.