గమ్ముతో అంటించిన నేల

చౌటుప్పల్‌లో హైవే పక్కన మడిగ గది కిరాయికి తీసుకుని టైలరింగ్ దుకాణం పెట్టేటప్పుడు, నేల మీద వినైల్ పలకలు ఎలా వేయించాలన్న దగ్గర మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. ఒకదానికొకటి లాక్ చేసి ఊరికే పరచాలా, గమ్ము పెట్టి నేలకు అంటించాలా?

"లాక్‌వే ఎయ్యిద్దాం. కిరాయి జాగా. రేపు ఓనర్ ఖాళీ జెయ్యుమంటే ఇప్పుకొని పోవచ్చు," అన్నాడు మా ఆయన.

ఆయనది తప్పని అనలేను. ఇంతకుముందు దుకాణం నడక అందుకోగానే ఒకచోట రోడ్డు వెడల్పు చేస్తున్నామని, ఇంకోచోట ఓనర్ కొడుక్కి మొబైల్ షాపు పెట్టాలని మమ్మల్ని లేపారు. లేచిన ప్రతిసారీ గిరాకీ అక్కడే ఉండిపోయింది. దాంతో కొత్తచోట గోడకు మేకు కొట్టాలన్నా నా చెయ్యి వెనకాడేది. ఆ బతుకంటే నాకు చీదర పుట్టింది.

మేస్త్రీ ముందుగా ఒక మూల లాక్ పలకలు పరిచి చూపించాడు. ఆ రోజు శుక్రవారం. మా అత్తమ్మ అలవాటు ప్రకారం గడపకు పసుపు రాసి, నేల కడగడానికి బకెట్ నీళ్లు గుమ్మరించింది. పలక మీద కాలు పెడితే అతుకుల్లోంచి నీళ్లు బుడబుడమన్నాయి.

"సుక్కురారం నీళ్లు కొట్టని దుకాణంల లచ్చిమి నిలుస్తదా బిడ్డా?" అంది, నా ముఖం చూసి. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "మిషన్లు ఊగే కాడ గూడ లాక్‌వి అతుకులు ఇడుస్తయి అక్కా. గమ్ము పెడితే గట్టిగుంటది. గని నేల మంచిగ ఆరాలె. ఏసినంక తడిబట్టనే పెట్టాలె, బకెట్లు కొట్టద్దు. మల్ల పీకితే పలకలు దేనికీ పనికిరావు."

ఆ చివరి మాట దగ్గర మా ఆయన నా వైపు చూశాడు. భయమేసింది. అయినా "అంటించు" అన్నాను. గడప వరకే నీళ్లు కొడతానని అత్తమ్మ గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

పని అయ్యాక ఓనర్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "కిరాయి జాగల గమ్ము పెట్టి అంటిచ్చినవేందమ్మా? రేపు పొమ్మంటే?"

ఓనర్ల ముందు నేనెప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. "పోయేటోళ్లమైతే గమ్మెందుకు పెడతం, అన్నా?" అన్నాను.

ఆయన కొత్త నేలను చూశాడు. తర్వాత చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

"సరే, అయితే ఉండు," అన్నాడు.

అందరి ముందే నాకు ఏడుపొచ్చేసింది.